ఇంట్లో చేయించుకున్న అక్వేరియం హుడ్‌కు చవకైన వెలుగు

వడ్రంగి చేత ప్లైవుడ్ పెట్టె చేయించి, లోపల తెల్లరంగు వేయించి, చేపల తొట్టి మీద బోర్లించాక అసలు ప్రశ్న మొదలవుతుంది. ఆ పెట్టెలో, అంటే హుడ్‌లో, ఏ లైటు పెట్టాలి? అక్వేరియం దుకాణంలో అడిగితే తొట్టి ధరకు దగ్గరగా ఉండే లైటు చూపిస్తారు. ఎలక్ట్రికల్ సామాన్ల దుకాణంలో అడిగితే అదే పొడవున్న ఎల్‌ఈడీ పట్టీ (బ్యాటెన్) రెండు మూడు వందల రూపాయల్లో దొరుకుతుంది. రెండూ తెల్లగానే వెలుగుతాయి. ధరలో ఇంత తేడా ఎందుకు, ఆ తేడాలో చేపలకూ మొక్కలకూ నిజంగా దక్కేది ఎంత అన్నది ఎవరూ విడమరచి చెప్పరు. చివరికి అవసరం లేని చోట డబ్బు పోతుంది. అవసరమైన చోట, అంటే నీటికి జానెడు ఎత్తులో వేలాడే కరెంటు తీగ దగ్గర, పొదుపు జరుగుతుంది. ఈ పొదుపు ప్రమాదకరం.

మంచినీటి తొట్టికి ఇంటి దీపాలుగా అమ్మే ఎల్‌ఈడీలు చక్కగా సరిపోతాయి. వాటితో మిగిలే డబ్బును నీటి మీద కప్పే పైగాజుకూ, గాలి రంధ్రాలకూ, టైమరుకూ, మంచి వైరింగుకూ పెట్టడమే తెలివైన పని. పగడాలు పెంచే ఉప్పునీటి తొట్టి లెక్క వేరు. దానికి నీలికాంతి ప్రధానంగా ఉండే బలమైన లైట్లు కావాలి, అక్కడ చవక దారి లేదు. ఇక్కడి మాటలన్నీ గప్పీలు, మోలీలు, టెట్రాలు, గోల్డ్‌ఫిష్‌ల వంటివి తిరిగే మంచినీటి తొట్టి గురించే.

పాత సూత్రం ఎందుకు దారి తప్పిస్తుంది

అక్వేరియం పెంపకందార్ల నోట ఇప్పటికీ వినిపించే సూత్రం ఒకటుంది: మొక్కలు పెంచాలంటే లీటరు నీటికి సుమారు అర వాటు లైటు ఉండాలి. ఇది అబద్ధమేమీ కాదు, కానీ దీనికి కాలం చెల్లింది. అమెరికా పెంపకందార్లు గ్యాలన్‌కు (సుమారు 3.8 లీటర్లకు) రెండు వాట్లని లెక్క వేసుకున్న రోజుల్లో హుడ్‌లలో ఉన్నవి లావుపాటి ఫ్లోరసెంట్ ట్యూబులు. మన ఇళ్ళలో చోక్, స్టార్టర్‌తో మినుకుమినుకుమంటూ వెలిగిన 40 వాట్ల ట్యూబ్‌లైటు ఆ కుటుంబానిదే. ఆ ట్యూబు నలువైపులా వెలుగు చిమ్ముతుంది. అందులో సగం హుడ్ పైకప్పుకు తగులుతుంది. పైకప్పు ముదురు రంగులో ఉంటే ఆ సగం అక్కడే ఆగిపోతుంది. పైగా ట్యూబు వాడుకునే 40 వాట్లకు తోడు చోక్ మరో పది వాట్ల దాకా వేడిగా ఖర్చు చేస్తుంది.

ఎల్‌ఈడీ పట్టీలో చిప్‌లన్నీ ఒకే వైపు చూస్తుంటాయి కనుక వెలుగు దాదాపు అంతా కిందికే వస్తుంది. మార్కెట్లో దొరికే సాధారణ రకం కూడా వాటుకు సుమారు వంద ల్యూమెన్లు (వెలుగు కొలత) ఇస్తుంది. పాత అర వాటు లెక్కనే ఎల్‌ఈడీకి అన్వయిస్తే మొక్కలకు కావలసిన దానికన్నా చాలా ఎక్కువ కాంతి నీళ్ళలో పడుతుంది. మొక్కలు వాడుకోలేని ఆ వెలుగును నాచు వాడుకుంటుంది. కొత్త తొట్టి పెట్టిన నెలలోపే గాజంతా పచ్చబారిందని బాధపడే ఇళ్ళలో చాలాసార్లు కారణం ఇదే. నీళ్ళు మార్చి, ఫిల్టర్ మార్చి, మందులు పోసి అలసిపోతారు కానీ లైటు వైపు చూడరు.

అందువల్ల డబ్బా మీద వాట్ల అంకెను వదిలి ల్యూమెన్ల అంకె చూడాలి. పెంపకందార్ల అనుభవంలో స్థిరపడిన లెక్క ఇలా ఉంది. చేపలు మాత్రమే ఉంటే వాటిని చూడటానికి మనకు ఎంత వెలుగు కావాలో అంతే చాలు. అనూబియాస్, జావా ఫెర్న్, జావా మాస్ వంటి నీడ మొక్కలకు లీటరుకు 10 నుంచి 20 ల్యూమెన్లు సరిపోతాయి. వాలిస్‌నేరియా, నీటి బ్రాహ్మి, లిమ్నోఫిలా వంటివి ఏపుగా పెరగాలంటే 20 నుంచి 40 దాకా కావాలి. అంతకు మించితే కార్బన్ డయాక్సైడ్ సిలిండరు, ద్రవ ఎరువులు లేకుండా నడవదు. చవకగా తొట్టి నడపాలనుకునేవారు ఆ మూడో మెట్టు ఎక్కకపోవడమే మంచిది. లైటు చవకే, కానీ ఆ లైటు రేపే ఆకలిని తీర్చే సరంజామా చవక కాదు.

ల్యూమెన్‌కూ ఒక పరిమితి ఉంది. అది మనిషి కంటికి కనిపించే వెలుగు కొలత. మన కన్ను 555 నానోమీటర్ల దగ్గర, అంటే పసుపు కలిసిన పచ్చరంగు దగ్గర, అన్నిటికన్నా చురుగ్గా ఉంటుంది. ఆకులోని క్లోరోఫిల్ ప్రధానంగా నీలాన్నీ ఎరుపునూ పీల్చుకుంటుంది. కనుక ఊదారంగులో వెలిగే ‘మొక్కల లైటు’నూ తెల్లలైటునూ ల్యూమెన్లలో పోల్చితే లెక్క తప్పుతుంది. ఒకే రకం తెల్లలైట్లను ఒకదానితో ఒకటి పోల్చుకోవడానికి మాత్రం ఆ కొలత నిక్షేపంగా పనికొస్తుంది. దుకాణంలో చేయవలసిన పోలిక కూడా అదే.

మరి ఇంటి తెల్ల ఎల్‌ఈడీలో మొక్కకు పనికొచ్చేది ఉందా అన్న సందేహం సహజం. తెల్ల ఎల్‌ఈడీ గర్భంలో ఉన్నది నీలి ఎల్‌ఈడీయే. దాని నీలికాంతి 450 నానోమీటర్ల ప్రాంతంలో ఉంటుంది. పైన పూసిన పసుపు పదార్థం ఆ నీలంలో కొంత భాగాన్ని పచ్చ, పసుపు, ఎరుపు కాంతులుగా మారుస్తుంది. మిగిలిన నీలం అలాగే బయటికి వస్తుంది. అన్నీ కలిసి మన కంటికి తెలుపు. ఆ నీలి ఎల్‌ఈడీని సాధించినందుకే అకసాకి, అమానో, నకమురా అనే ముగ్గురు శాస్త్రవేత్తలకు 2014లో భౌతికశాస్త్ర నోబెల్ దక్కింది. మిగిలిన నీలమూ, పుట్టిన ఎరుపూ ఆకుకు అక్కరకొస్తాయి. ఆకు పచ్చకాంతిని పూర్తిగా తిప్పికొడుతుందనుకోవడం కూడా పొరపాటు, అందులోనూ చాలా భాగాన్ని వాడుకుంటుంది.

రంగు విషయంలో డబ్బా మీద ‘6500 కె’ (కె అంటే కెల్విన్, వెలుగు రంగు కొలత) లేదా ‘కూల్ డేలైట్’ అని ఉన్నది తీసుకుంటే సరిపోతుంది. అది లేకపోతే 4000 కె కూడా మంచిదే. రెండు పట్టీలు పెట్టే చోట ఒకటి 6500, ఒకటి 4000 పెడితే ఎర్రచేపల ఒళ్ళు మరింత నిండుగా కనిపిస్తుంది. మొక్కలకు ఈ తేడా పెద్దగా పట్టదు, ఇది మన కళ్ళ కోసం చేసుకునే ఏర్పాటు. నీలం, గులాబీ రంగుల్లో మెరిసే అలంకారపు లైట్ల కింద చేపలు తళుక్కుమంటాయి కానీ, పైసా పైసా చూసుకునే హుడ్‌లో వాటికి చోటు లేదు.

ఇంటి దీపం ఇంత చవక ఎలా అయింది

ఎల్‌ఈడీ ధరల చరిత్రలో ఒక మలుపు ఇక్కడ చెప్పుకోవాలి. అది లేకపోతే ఈ వ్యాసానికే ఆస్కారం ఉండేది కాదు. ప్రభుత్వ రంగ సంస్థ ఈఈఎస్‌ఎల్ 2014లో ఒక్కో ఎల్‌ఈడీ బల్బును 310 రూపాయలకు కొన్నది. ఇళ్ళకు చవకగా ఎల్‌ఈడీ బల్బులు అందించేందుకు 2015 జనవరిలో మొదలైన ఉజాలా పథకం కింద కోట్ల సంఖ్యలో కొనుగోళ్ళు జరిగేసరికి 2016లో ఆ ధర 38 రూపాయలకు దిగింది. ఆ పోటీలోనే పట్టీలు, ఫ్లడ్ లైట్ల ధరలు కూడా నేలకు దిగాయి. అక్వేరియం పేరుతో అమ్మే లైట్లు ఇంత పెద్ద ఎత్తున తయారు కావు కనుక వాటి ధరలు ఆ వేగంతో దిగలేదు. చిన్న మార్కెట్‌కు తయారయ్యే ప్రత్యేకమైన పెట్టె, నీరు చొరబడని పూత, తొట్టి అంచున నిలిచే కాళ్ళు, వాటన్నిటి ఖర్చూ ఆ ధరలో ఉంటుంది. హుడ్ ఉన్నవారికి కాళ్ళు అక్కర్లేదు, పెట్టె అక్కర్లేదు. పైగాజు ఉంటే నీరు చొరబడని పూత అవసరం కూడా చాలావరకు తగ్గుతుంది.

పాత ట్యూబ్‌లైట్లు అటక మీద ఉన్నాయి కదా, వాటినే వాడదామనే ఆలోచన పొదుపుగా కనిపిస్తుంది. లెక్క చూస్తే అలా లేదు. చోక్‌తో కలిపి ఒక్కోటి 50 వాట్లు తీసుకునే రెండు ట్యూబులు రోజుకు ఏడు గంటలు వెలిగితే నెలకు 21 యూనిట్లు. 30 వాట్ల ఎల్‌ఈడీ అదే ఏడు గంటలు వెలిగితే నెలకు ఆరు యూనిట్లకు కాస్త ఎక్కువ. యూనిట్ ఆరు రూపాయలు అనుకుంటే నెలకు సుమారు 90 రూపాయల తేడా. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ వాడకం పెరిగేకొద్దీ పై స్లాబులో యూనిట్ ధర పెరుగుతుంది కనుక, అంచున ఉన్న ఇంటికి ఈ తేడా ఇంకా పెద్దది. కొత్త పట్టీలకు పెట్టిన డబ్బు ఏడాదిలోపే తిరిగి వస్తుంది. ఆ ట్యూబులు దొరికే కాలం కూడా ముగుస్తోంది. పాదరసం వాడకాన్ని తగ్గించే మినమాటా ఒప్పందంలోని దేశాలు ఫ్లోరసెంట్ ట్యూబుల తయారీ, ఎగుమతి, దిగుమతులను 2027 నాటికి ఆపాలని 2023లో జెనీవాలో నిర్ణయించాయి.

పాత ట్యూబ్‌లైటు పట్టీలోనే ఎల్‌ఈడీ ట్యూబు బిగించేవారు ఒక జాగ్రత్త తీసుకోవాలి. చాలా రకాలకు చోక్, స్టార్టర్ తీసివేసి తీగలు మార్చి కలపాలి. కొన్నిటికి రెండు చివరలా కరెంటు అందుతుంది. ఒక చివర బిగించి రెండో చివర పిన్నును తడి చేత్తో ముట్టుకుంటే షాక్ కొట్టే ప్రమాదం ఉంది. నీటి మీద వేలాడే పెట్టెలో ఆ రకానికి తావివ్వకపోవడమే మేలు. లోపలి సామగ్రి అంతా మూసి ఉండే ఒకే ముక్క పట్టీ దీనికన్నా భద్రమైనది, ధరలోనూ పెద్దగా తేడా లేదు.

నాలుగు దారులు, ఒక తొట్టి లెక్క

మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు ఉన్న తొట్టిని తీసుకుందాం. నిండుగా పోస్తే సుమారు 190 లీటర్లు. అడుగున ఇసుక, పైన వదిలే ఖాళీ పోను అసలు నీరు 160 లీటర్ల చుట్టూ ఉంటుంది. నీడ మొక్కల కోసమైతే 1600 నుంచి 3200 ల్యూమెన్లు కావాలి.

దీనికి అన్నిటికన్నా తేలికైన జవాబు రెండడుగుల పది వాట్ల పట్టీలు రెండు. ఒక్కోటి వెయ్యి ల్యూమెన్లు, మొత్తం రెండు వేలు. మూడడుగుల హుడ్‌లో ఒకదాన్ని ముందువైపు ఎడమకు జరిపి, రెండోదాన్ని వెనుకవైపు కుడికి జరిపి బిగిస్తే మధ్యలో వెలుగు కలిసి, మూలలకూ అందుతుంది. నీటి బ్రాహ్మి వంటివి కూడా పెంచాలనిపిస్తే తరువాత మరో పట్టీ, ఇంకా కావాలంటే నాలుగోది, పెట్టుకోవచ్చు. ముందే అన్నీ బిగించి ఒకే స్విచ్‌కు కలపడం కన్నా విడి స్విచ్‌లు ఉంచుకోవడం వివేకం.

కొలత విషయంలో ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. రెండడుగుల ట్యూబు పిన్నులతో కలిపి సుమారు 604 మిల్లీమీటర్లు. రెండడుగుల తొట్టి బయటి కొలత 610. ఆ తొట్టి అంచు మీదనే కూర్చునేలా 12 మిల్లీమీటర్ల ప్లైతో హుడ్ చేయిస్తే రెండు పక్కల మందం పోగా లోపల మిగిలేది 586. రెండడుగుల పట్టీ అందులో పట్టదు. హుడ్ చేయించకముందే పట్టీ కొని, దాన్ని వడ్రంగి చేతికిచ్చి కొలిపించడమే దీనికి మందు. ఇప్పటికే చేయించి ఉంటే అడుగు పొడవున్న ఐదు వాట్ల చిన్న పట్టీలు వెతుక్కోవాలి. హైదరాబాద్ కోఠిలోని ట్రూప్ బజార్ వంటి ఎలక్ట్రికల్ మార్కెట్లలో చిన్న కొలతలు దొరికే అవకాశం ఎక్కువ.

రెండో దారి మామూలు బల్బులు. తొమ్మిది వాట్ల బల్బు సుమారు 900 ల్యూమెన్లు ఇస్తుంది. మూడు బల్బులు అడ్డంగా బిగిస్తే 2700. పాడైన బల్బును ఏ కిరాణా కొట్టులోనైనా కొని నిమిషంలో మార్చుకోవచ్చు, ఈ సౌకర్యం ఇంకే దారిలోనూ లేదు. బల్బుల మధ్య వెలుగునీడలు ఏర్పడటం ఒక లోపం. అంతకన్నా పెద్ద లోపం హోల్డరు. ఆవిరి తగిలి దాని ఇత్తడి పిన్నులు పచ్చగా చిలుము పడతాయి, పట్టు సడలి నిప్పురవ్వలు వస్తాయి. బల్బు కాంతి చాలావరకు ముందుకే పోతుంది కనుక అడ్డంగా పెట్టినప్పుడు అది తొట్టి పక్కగోడల వైపు చూస్తుంది. తెల్లరంగు లేని హుడ్‌లో ఆ వెలుగు చాలావరకు వృథా. చిన్న తొట్టికీ, తాత్కాలికానికీ బల్బు మంచిది. పెద్ద హుడ్‌కు పట్టీలే నయం.

మూడోది పన్నెండు వోల్టుల ఎల్‌ఈడీ స్ట్రిప్, అంటే వెనుక జిగురుతో చుట్టగా వచ్చే మెత్తని రిబ్బను. దీని గొప్పతనం భద్రత. 230 వోల్టులు అడాప్టరు దగ్గరే ఆగిపోతాయి, నీటి మీదికి వచ్చేది పన్నెండే. అడాప్టరును తొట్టికి దూరంగా, నీటిమట్టానికి పైన గోడకు పెట్టుకోవచ్చు. పసిపిల్లలున్న ఇంట్లో ఈ ఒక్క కారణానికే దీన్ని ఎంచుకోవచ్చు. కానీ చవకరకం స్ట్రిప్‌ల మీద రాసే అంకెలను నమ్మలేం. చుట్టలోని ఐదు మీటర్లనూ ఒకే చివర నుంచి వెలిగిస్తే రెండో చివర మసకబారుతుంది. మీటరుకు 60 చిప్‌లుండే 5050 రకం మీటరుకు 14.4 వాట్లు తీసుకుంటుంది. మీటరున్నర వాడితే దాదాపు 22 వాట్లు, అంటే 1.8 ఆంపియర్లు. దానికి రెండు ఆంపియర్ల అడాప్టరు పెడితే అది ఎప్పుడూ కాలుతూనే ఉంటుంది, మూడు ఆంపియర్లది పెట్టాలి. స్ట్రిప్‌ను నేరుగా చెక్కకు అంటించడం ఇంకో పొరపాటు. వేడి పోయే దారి లేక చిప్‌లు త్వరగా మసకబారతాయి, జిగురు కరిగి స్ట్రిప్ ఊడి నీళ్ళలోకి వేలాడుతుంది. స్ట్రిప్‌ల కోసమే అమ్మే అల్యూమినియం చానెల్‌లో అంటించి, చానెల్‌ను స్క్రూలతో బిగించాలి. ఆ చానెల్, అడాప్టరు ఖర్చు కలిపితే స్ట్రిప్ పట్టీకన్నా చవక కాదన్నది కూడా గుర్తుంచుకోవాలి.

ఇక ఫ్లడ్ లైటు. వాకిట్లో, దుకాణాల ముందు పెట్టే ఇరవై, ముప్పై వాట్ల లోహపు పెట్టె. చాలా రకాల మీద ‘ఐపీ65’ అని ఉంటుంది. మొదటి అంకె దుమ్ము చొరకుండా ఉండే కట్టడిని, రెండో అంకె నీటి చిమ్ములను తట్టుకునే గుణాన్ని చెబుతుంది. అల్యూమినియం ఒళ్ళే వేడిని బయటికి పంపుతుంది. ఒకే చోటి నుంచి వచ్చే కాంతి కనుక నీటి అలల నీడలు ఇసుక మీద కదులుతాయి. గోదావరి కాలువలో ఎండ పడినప్పటి అందం అది. అడుగున్నరకు మించిన లోతున్న తొట్టిలో అడుగు మొక్కలకు వెలుగు అందించడంలో పట్టీలకన్నా ఇదే మెరుగు. అయితే దీనికి హుడ్ ఎత్తుగా ఉండాలి. నాలుగంగుళాల హుడ్‌లో పెడితే మధ్యలో కళ్ళు చెదిరే వెలుగు, మూలల్లో చీకటి మిగులుతాయి. వెనుక రెక్కలు ప్లైకి ఆనకుండా ఖాళీ వదలాలి. ఇందులో ఎర్త్ తీగ విడిగా వస్తే దాన్ని తప్పకుండా కలపాలి, లోహపు ఒళ్ళు కదా.

నీళ్ళలో ముంచి పెట్టే 230 వోల్టుల ట్యూబులు కూడా దుకాణాల్లో కనిపిస్తాయి. చివరి రబ్బరు మూత గట్టిదనం మీదే వాటి భద్రతంతా ఆధారపడి ఉంటుంది. ఆ రబ్బరు ఎన్నాళ్ళు నిలుస్తుందో చూసి చెప్పగల చూపు ఎవరికీ లేదు. హుడ్ ఉన్న ఇంట వాటి అవసరమూ లేదు.

మిగిలిన డబ్బు వెళ్ళవలసిన చోట్లు

హుడ్ లోపలి గోడలకు తెల్ల ఎనామెల్ రంగు రెండు పూతలు వేస్తే పక్కలకు పోయే వెలుగు తిరిగి నీటిలోకి వస్తుంది. వంటింటి అల్యూమినియం రేకు అంటించమని కొందరు సలహా ఇస్తారు. అది ముడతలు పడి వెలుగును అన్ని దిక్కులా చెదరగొడుతుంది. పైగా అది కరెంటును ప్రవహింపజేసే లోహం. తెగిన తీగ ఒకటి దానికి తగిలితే హుడ్ లోపలంతా కరెంటే. తెల్లరంగు అంతకన్నా చవక, అంతకన్నా మంచిది. రంగు వాసన పూర్తిగా పోయేదాకా హుడ్‌ను బయట గాలికి ఆరనివ్వాలి. చెక్క బదులు తెల్లటి పీవీసీ ఫోమ్ షీటుతో చేయిస్తే రంగు ఖర్చూ తప్పుతుంది, ఆవిరికి ఉబ్బడమూ ఉండదు. ప్లై వాడితే మెరైన్ రకమే వాడాలి.

నీటికీ లైటుకూ మధ్య పైగాజు తప్పనిసరి అని చెప్పాలి. గాలిబుడగలు పగిలినప్పుడు ఎగిరే తుంపర, ఎగిరే చేపలు, పైకి లేచే ఆవిరి, వీటన్నిటినీ ఆపేది అదే. నాలుగు మిల్లీమీటర్ల గాజు పలకను రెండు ముక్కలుగా కోయించి, మేత వేయడానికి ముందు ముక్క జరిగేలా, ఫిల్టరు గొట్టాలకు వెనుక సందు ఉండేలా పెడితే చాలు. శుభ్రమైన గాజు సుమారు ఎనిమిది శాతం వెలుగును వెనక్కి పంపుతుంది, అది లెక్కలోకి తీసుకోదగ్గ నష్టం కాదు. తుడవని గాజు మాత్రం చాలా ఎక్కువ మింగుతుంది. బోరు నీళ్ళు కఠినంగా ఉండే ఊళ్ళలో తుంపర ఆరిన చోటల్లా తెల్లని సున్నపు మచ్చలు పడతాయి. వారానికోసారి నిమ్మరసం లేదా వెనిగర్ తడిపిన గుడ్డతో, గాజును తొట్టి మీది నుంచి తీసి తుడవాలి. మొక్కలు వాడిపోతున్నాయని కొత్త లైటు కొనేముందు ఈ గాజును ఒకసారి వెలుతురుకు ఎత్తి చూడటం మంచిది.

వేడి గురించి భయం ఎక్కువ, అవగాహన తక్కువ. చిన్న లెక్క ఒకటి విషయం తేటపరుస్తుంది. 30 వాట్ల ఎల్‌ఈడీ ఏడు గంటల్లో ఇచ్చే శక్తి అంతా వేడిగా మారి నీటిలోనే చేరిందనుకున్నా 160 లీటర్ల నీరు ఒక డిగ్రీకి కాస్త ఎక్కువ వేడెక్కుతుంది, అంతే. వాస్తవంలో చాలా భాగం గాలిలోకి పోతుంది. అదే పాత వంద వాట్ల ట్యూబుల జతైతే ఆ లెక్క దాదాపు నాలుగు డిగ్రీలు. కనుక ఎల్‌ఈడీ నీటిని ఉడికించదు. అయితే మూసిన హుడ్‌లో పోగయ్యే వేడి ఆ లైటునే ముందు తినేస్తుంది. ఎల్‌ఈడీ దీపాల్లో సాధారణంగా ముందు పోయేది చిప్ కాదు, దానికి కరెంటు అందించే డ్రైవరు. అందులోని కెపాసిటర్ల ఆయుష్షు పది డిగ్రీల వేడి పెరిగితే సుమారు సగానికి పడిపోతుంది. డబ్బా మీద 25,000 గంటలని ఉంటే, రోజుకు ఏడు గంటల చొప్పున దాదాపు పదేళ్ళు రావాలి. ఊపిరాడని హుడ్‌లో ఆ పదేళ్ళు రెండు మూడుకు దిగినా వింత లేదు. హుడ్ వెనుక గోడకు పైన ఒక వరుస, కింద ఒక వరుస రంధ్రాలు వేయిస్తే వేడిగాలి పైనుంచి పోయి చల్లగాలి కిందినుంచి వస్తుంది. దీనికి ఖర్చేమీ లేదు, డ్రిల్లు బిట్టు ఒకటి ఉంటే చాలు.

మన ఎండాకాలం సంగతి వేరు. విజయవాడలో, రామగుండంలో మే నెలలో నీటిని వేడెక్కించేది లైటు కాదు, గది. 25 డిగ్రీల దగ్గర లీటరు నీరు సుమారు 8.3 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకోగలదు, 30 డిగ్రీల దగ్గర 7.6 మాత్రమే. చేపలు పైకి వచ్చి నోళ్ళు తెరిచేది ఇలాంటప్పుడే. హుడ్‌లో ఒక పన్నెండు వోల్టుల కంప్యూటర్ ఫ్యాను పెట్టి, ఆ రోజుల్లో పైగాజు కొంత జరిపి నీటి మీదుగా గాలి వీచేలా చేస్తే ఆవిరైపోయే నీరే చల్లదనం ఇస్తుంది. 160 లీటర్ల నీరు ఒక డిగ్రీ చల్లబడటానికి పావులీటరుకు కాస్త ఎక్కువ ఆవిరైతే చాలు. పొడిగాలి ఉండే అనంతపురంలో, నిజామాబాద్‌లో ఇది బాగా పనిచేస్తుంది. ఉక్కపోతగా ఉండే విశాఖ, కాకినాడల్లో ఫలితం తక్కువ. గాజు జరిపిన రోజుల్లో పట్టీల చివర్లకు తుంపర తగలకుండా చూసుకోవాలి. లైటు సమయాన్ని మధ్యాహ్నం నుంచి సాయంత్రానికి జరిపితే ఇంకొంత ఊరట.

వైరింగులో కక్కుర్తి పడకూడదు. ఇంటికి కరెంటు లీకును పసిగట్టే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ స్విచ్ ఉండాలి. ఒంటి గుండా కరెంటు పారడం మొదలైన క్షణంలోనే సరఫరా ఆపేది అదొక్కటే, లోడు ఎక్కువైతే పడిపోయే మామూలు ఎంసీబీ ఆ పని చేయదు. హుడ్ నుంచి వచ్చే తీగ ప్లగ్గు కన్నా కిందికి వేలాడి, తిరిగి పైకి వెళ్ళి సాకెట్‌ను చేరాలి. తీగ వెంట జారిన నీటిచుక్క ఆ వంపు దగ్గర నేల మీద రాలిపోతుంది, సాకెట్‌లోకి వెళ్ళదు. జాయింట్లు హుడ్ లోపల ఉండకూడదు. ఉండక తప్పకపోతే టేపు చుట్టి వదలక, మూతున్న చిన్న జంక్షన్ బాక్సులో పెట్టాలి. తొట్టిలో చేయి పెట్టే ముందు లైటు, ఫిల్టరు, హీటరు అన్నిటి ప్లగ్గులూ తీయాలి. స్విచ్ ఆపితే చాలదా అంటే చాలదు. పాత ఇళ్ళలో స్విచ్ న్యూట్రల్ తీగ మీద బిగించి ఉండవచ్చు, అప్పుడు స్విచ్ ఆపినా దీపం దాకా కరెంటు ఉంటుంది.

ఇక టైమరు. లైటు ఎంత మంచిదైనా ఒకరోజు ఐదు గంటలు, మరుసటిరోజు పన్నెండు గంటలు వెలిగితే మొక్క సర్దుకోలేదు, నాచు సర్దుకుంటుంది. ప్లగ్గుకు తగిలించే గుండ్రటి మెకానికల్ టైమరు అన్నిటికన్నా చవక. దానికి ఒక బలహీనత ఉంది. కరెంటు పోయినప్పుడు దాని ముల్లు కూడా ఆగిపోతుంది. రోజూ గంట కోత ఉండే ఊళ్ళో వారం తిరిగేసరికి అది ఏడు గంటలు వెనుకబడి, అర్ధరాత్రి లైటు వెలిగిస్తుంది. కోతలున్న చోట లోపల బ్యాటరీ ఉండే డిజిటల్ రకానికి ఇంకొంచెం పెట్టడమే మంచిది. చేపలకు కనురెప్పలు లేవు. చీకటి గదిలో ఒక్కసారిగా లైటు వెలిగితే బెదిరి గాజుకు కొట్టుకుంటాయి. గదిలో పగటి వెలుగు ఉన్న వేళకే టైమరు మొదలయ్యేలా పెట్టాలి. రెండు పట్టీలుంటే, రెండు టైమర్లు దొరికితే, అరగంట తేడాతో వెలిగించడం చేపలకు ఎంతో హాయి.

కొత్త హుడ్‌ను తొట్టి మీద పెట్టిన మొదటిరోజు నాలుగు గంటలు వెలిగించి, ప్లగ్గు తీసి, పట్టీల వెనుక చేయి పెట్టి చూడాలి. చేయి ఆనించి ఉంచలేనంత వేడి ఉంటే రంధ్రాలు చాలవన్నమాట. పట్టీల మీద నీటి బిందువులు కనిపిస్తే పైగాజు సందులు సరిచేయాలి. మొదటి నెల రోజుకు ఆరు గంటలు చాలు. ఆ తరువాత తొట్టే చెబుతుంది. కొత్త ఆకులు చిన్నవై, కాడలు సన్నగా పైపైకి సాగుతుంటే గంట పెంచాలి, లేదా ఆపి ఉంచిన మూడో పట్టీ వెలిగించాలి. ముందు గాజు మీద వారం తిరగకుండానే పచ్చని పొర కడుతుంటే గంట తగ్గించాలి. ఏ మార్పు చేసినా రెండు వారాలు ఆగి చూసి, ఆ తరువాతే మరో మార్పు చేయాలి.